ఆవుల కనుమ మీద సైకిలు దిగి నడిచాం

రెండేళ్ళ కిందట లెఖ్ట్ కొండ మీద మావాడు, అంటే నా కాలేజీ ఫ్రెండు, నాకు సారీ చెప్పాడు, అది ఇంకా నా చెవుల్లోనే ఉంది. లెఖ్ట్ అంటే స్కాట్లాండ్‌లో కెయిర్న్‌గార్మ్స్ కొండల మధ్య కాక్‌బ్రిడ్జ్ నుంచి టామిన్‌టౌల్ వెళ్ళే రోడ్డు, కొన్నిచోట్ల ఐదడుగులు ముందుకెళ్ళేసరికి ఒకడుగు పైకి లేస్తుంది, అంత నిటారు. నేను ముందే ఎక్కేసి పైన స్కీయింగ్ చేసేచోట కూర్చుని ముప్పావుగంట ఎదురుచూశా. మావాడు సైకిలు తోసుకుంటూ తల దించుకుని వచ్చాడు, వస్తూనే "సారీ మామా, దిగాల్సొచ్చింది" అన్నాడు. నేను "పర్లేదు లేరా" అన్నా. అప్పుడు అది మంచి మాటే అనుకున్నా. కానీ ఎవరైనా తప్పు చేస్తేనే కదా పర్లేదు అంటాం? వాడు ఏం తప్పు చేశాడని నేను పర్లేదన్నట్టు? ఆ తర్వాత ఏడాది పైగా మావాడు నాతో సైకిలెక్కలేదు, పిలిచినప్పుడల్లా ఏదో ఒక పని ఉండేది, ఆ పని ఏంటో నాకు తెలుసు.

అందుకే ఇది రాస్తున్నా. పొడుగు రైడ్‌లో ఎత్తు రోడ్డు వచ్చినప్పుడు దిగి నడవడం సిగ్గుపడాల్సిన పని కానే కాదు, అది కూడా రైడే, ఇంకా చెప్పాలంటే ఫ్రెండుతో వెళ్ళినప్పుడు ఒకడు దిగితే రెండోవాడు కూడా దిగాలి. ఈ మాటంటే సైక్లింగ్ గ్రూపుల్లో చాలామందికి నచ్చదు, నాక్కూడా కొన్నేళ్ళ పాటు నచ్చలేదు. ఈ జూన్‌లో మేమిద్దరం స్కాట్లాండ్ ఉత్తరాన హైలాండ్స్ కొండల్లో ఒక్కరోజులో తిరిగిన 145 కిలోమీటర్ల చుట్టు గురించి చెప్తే నేనెందుకంటున్నానో అర్థమవుతుంది.

మావాడిది ఖమ్మం, నాది గుడివాడ పక్కన పల్లెటూరు, కాలేజీలో ఒకే రూమ్, ఇప్పుడు వాడు అబర్డీన్‌లో, నేను గ్లాస్గోలో. ముందురోజు సాయంత్రం కిన్‌లాఖ్యూ అనే చిన్న ఊరికి కారులో చేరాం, హైలాండ్స్‌కి పడమటి వైపు, లాఖ్ మరీ సరస్సు మొదట్లో ఉంటుంది, నాలుగిళ్ళు, ఒక చిన్న కొట్టు, టెంట్లు వేసుకునే చోటు అంతే. అక్కడ జూన్‌లో రాత్రి పదింటికి కూడా పుస్తకం చదువుకునేంత వెలుతురు ఉంటుంది, తెల్లారి నాలుగున్నరకే మళ్ళీ సూర్యుడు. పొద్దున ఆరింటికి బయల్దేరాం. బ్యాగులో రెండు డబ్బాల పులిహోర, మావాడి భాషలో పల్లీపట్టీలు, మా వైపు భాషలో వేరుశనగ చెక్కలు, ఈ పేరు మీద మాకు పదేళ్ళ నుంచీ గొడవ.

బయల్దేరగానే గ్లెన్ డాఖర్టీ లోయలోంచి ఎక్కాలి, పైకెళ్ళి వెనక్కి తిరిగితే లోయ రెండు గట్ల మధ్య లాఖ్ మరీ దూరంగా వెండిపళ్ళెంలా కనబడుతుంది, అక్కడ కార్లు ఆపుకోవడానికి చోటు కూడా పెట్టారు. ఆ తర్వాత ఆఖ్నషీన్, అక్కణ్ణుంచి గ్లెన్ కారన్ లోయలో సముద్రం వైపు దిగుడు. దిగుడంటే హాయిగా ఉంటుందనుకుంటాం కానీ ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది, మేం వెళ్ళేదీ సరిగ్గా నైరుతికే, దాంతో దిగుడులో కూడా తొక్కాల్సిందే. ఒకడి వెనక ఒకడు చక్రానికి చక్రం ఆనించినంత దగ్గరగా వెళ్ళాం, ముందున్నవాడు గాలి కోస్తాడు, వెనకవాడికి కొంచెం సుఖం, పది నిమిషాలకోసారి మారతాం. బాగా పనిచేసే పద్ధతే. కానీ గమనించండి, దాదాపు రెండు గంటలు ఇద్దరం కలిసే ఉన్నాం, మాట్లాడుకున్నది మాత్రం "గుంత", "కారు", "మారు" ఈ మూడు ముక్కలే. ఫ్రెండుతో సైక్లింగ్ అంటే ఫోటోల్లో పక్కపక్కన నవ్వుకుంటూ కనిపిస్తాం గానీ నిజానికి ఎక్కువసేపు చూసేది ముందువాడి వెనక టైరునే.

లాఖ్‌కారన్‌లో టీ తాగి, ఒక చిన్న కొండ దాటి టోర్నప్రెస్ చేరేసరికి పదయింది. ఇక్కడే అసలు కొండ మొదలవుతుంది. రోడ్డు మొదట్లో పెద్ద బోర్డు ఉంటుంది, డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు, మరీ పెద్ద బండ్లు, కారవాన్లు ఈ దారిన పోవద్దని. దాదాపు సముద్రమట్టం నుంచి తొమ్మిది కిలోమీటర్లలో 626 మీటర్లకి ఎక్కుతుంది, నిటారు చోట్ల వాలు 20 శాతం. దాని పేరు బ్యాలఖ్ నా బా. అక్కడి పాత భాష గేలిక్‌లో బ్యాలఖ్ అంటే కొండల మధ్య దారి, బా అంటే ఆవులు. మనకైతే దీనికి అచ్చమైన మాటే ఉంది, ఆవుల కనుమ. ఈ పేరు మొదటిసారి అర్థమైనప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది, ఎందుకంటే మనకి కనుమ అంటే కొండదారీ, సంక్రాంతి తర్వాత పశువులకి పసుపూ బొట్టూ పెట్టే పండగ కూడా. ఆ రెండు కనుమలూ ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఒక రోడ్డు పేరులో కలిశాయి.

పేరు ఊరికే రాలేదు. యాపిల్‌క్రాస్ వైపు మేపిన పశువుల్ని ఈ కనుమ దాటించి, వారాల తరబడి నడిపించుకుంటూ దక్షిణాన సంతలకి తోలుకెళ్ళేవాళ్ళు. రోడ్డు వేసింది 1822లో. అప్పటికి పెడళ్ళున్న సైకిలు లేదు, మోటారు లేదు, మనుషులూ పశువులూ గుర్రాలే. ఆ తర్వాత నూటయాభై ఏళ్ళకి, 1970లలో సముద్రం ఒడ్డున ఇంకో రోడ్డు పూర్తయ్యేదాకా యాపిల్‌క్రాస్‌కి ఇదొక్కటే బండిదారి, మంచు పడితే అదీ బందే. ఇప్పుడు కనుమలో ఆవులు కనబడలేదు, గొర్రెలు కనబడ్డాయి. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో భూస్వాములు గొర్రెల పెంపకంలో లాభం ఎక్కువని కౌలుదార్లని ఊళ్ళకి ఊళ్ళే ఖాళీ చేయించారు, హైలాండ్స్ అంతటా ఇప్పుడు మనం "అబ్బ ఎంత ప్రశాంతంగా ఉందో" అనుకునే లోయల్లో చాలావాటికి ఆ ప్రశాంతత అలా వచ్చిందే. నడిచిన మనుషులూ పోయారు, తోలిన పశువులూ పోయాయి, పేరు మిగిలింది.

నేను చెప్పేదేంటంటే, ఈ దారి పుట్టిందే నడవడానికి. అలాంటి దారి మీద కాలు కింద పెడితే పరువు పోయినట్టు ఎలా అవుతుంది?

ఎక్కడం మొదలెట్టాం. మొదటి నాలుగైదు కిలోమీటర్లు కొండ పక్కనే నెమ్మదిగా లేస్తుంది, వెనక కిషోర్న్ సముద్రపాయ కిందకి కిందకి పోతుంటుంది. తర్వాత రెండు వైపులా నల్లటి రాతిగోడలు దగ్గరకొచ్చి, ఆ గోడల మధ్య రోడ్డు సూటిగా నిక్కుతుంది. పైన కనబడే మెలికలు ఎవరో కొండ మీద తాడు విసిరేసినట్టుంటాయి. అక్కడ మావాడి ఊపిరి నా వెనక నుంచి వినబడుతోంది, ఈల వేసినట్టు. సైకిలు నిలువుగా పోవడం మానేసి అటూ ఇటూ ఊగుతోంది. నాకు తెలుసు ఇంకో రెండొందల మీటర్లలో దిగుతాడని, వాడికీ తెలుసు నేను వింటున్నానని, అందుకే దిగట్లేదని కూడా నాకు తెలుసు. అప్పుడు నేను ఆగి దిగాను. ఏమీ మాట్లాడలేదు. వాడూ దిగాడు. కాసేపు ఇద్దరం హ్యాండిల్ మీద వాలి నిలబడి, తర్వాత నడవడం మొదలెట్టాం.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి, ఎందుకంటే దిగడం అంటే మనసు గట్టిగా లేకపోవడం అనుకునేవాళ్ళకి లెక్కే సమాధానం. మనిషీ సైకిలూ బ్యాగూ కలిపి 95 కిలోలు అనుకోండి. 20 శాతం వాలు మీద గంటకి 5 కిలోమీటర్ల వేగంతో వెళ్ళాలంటే బరువుని పైకి లాగడానికే దాదాపు 250 వాట్లు కావాలి. అంతకంటే బాగా నెమ్మదిగా తొక్కితే సైకిలు పక్కకి ఒరిగిపోతుంది, నిలబెట్టడమే కష్టం. అంటే కాళ్ళల్లో 250 వాట్లు లేనివాడు ఎంత పట్టుదల ఉన్నా ఆ ముక్క ఎక్కలేడు. అదే గంటకి 3 కిలోమీటర్ల చొప్పున నడిస్తే 150 వాట్లు చాలు. ఎక్కే ఎత్తు అదే, బరువు అదే, కాకపోతే నడకలో మన ఇష్టం వచ్చినంత నెమ్మదిగా వెళ్ళచ్చు, ఒరగం. ఇందులో గుండెధైర్యం ప్రసక్తే లేదు, పళ్ళచక్రం సైజు ప్రసక్తి ఉంది. ఇంకా చిన్న గేరు వేసుకోవచ్చు కదా అంటారు, వేసుకోండి, మంచిదే, కానీ అందరి సైకిలుకీ అది పట్టదు, అందరి జేబుకీ పట్టదు.

పోనీ టైమ్ పోతుందా? మేం నడిచింది రెండు కిలోమీటర్ల లోపే. తొక్కితే పట్టే టైముకంటే పదిహేను ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టుంటుంది. పదమూడు గంటల రోజులో పదిహేను ఇరవై నిమిషాలు.

తోయడంలో కూడా ఒక పద్ధతుంది, దాన్ని ఎవరూ నేర్పరు, ఎందుకంటే అది చేయకూడని పని అని అందరి నమ్మకం. మామూలు వాలైతే సైకిలుకి ఎడమవైపు నిలబడి కుడిచేయి సీటు మీద, ఎడమచేయి హ్యాండిల్ మీద పెడితే సైకిలు తిన్నగా పోతుంది. మరీ నిటారైతే రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి సైకిల్ని చేతులు చాచినంత మేర ముందుకి తోసి, బ్రేకు గట్టిగా పట్టుకుని, అప్పుడు ఆ సైకిలునే ఊతంగా చేసుకుని రెండడుగులు వేయాలి, మళ్ళీ తోయాలి, మళ్ళీ బ్రేకు. చేతికర్రతో కొండెక్కినట్టే. మావాడి బూట్లకి అడుగున పెడల్‌కి తగులుకునే క్లీట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, తారు మీద టక్ టక్ అని గుర్రం నడిచినట్టు చప్పుడు, తడి రాయి తగిలితే జారుడు. నావి క్లీటు లోపలికుండే రకం, నడక సుఖం. వెనకచక్రం టిక్ టిక్ టిక్ అంటుంటే ఆ రెండు చప్పుళ్ళూ తప్ప లోయలో ఇంకేం లేదు.

ఈ చప్పుడు నాకు బాగా తెలుసు. మా ఊరు డెల్టా, ఎత్తంటే కాలవ మీద వంతెనొక్కటే. సాయంత్రం పూట ఆ వంతెన మొదట్లో అందరూ దిగేవాళ్ళు, పాలక్యాన్లు కట్టుకున్నవాళ్ళు, బస్తా వేసుకున్నవాళ్ళు, వెనక పిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్ళు. దిగి తోసుకుంటూ పక్కవాడితో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవాళ్ళు, చాలామంది వంతెన దిగాక కూడా ఎక్కేవాళ్ళు కాదు, కబురు మధ్యలో ఉందని. సైకిలు చేతిలో ఉండి నడుస్తున్న ఇద్దరు మనుషులు, మన ఊళ్ళల్లో స్నేహం అంటే నాకు ముందు గుర్తొచ్చే బొమ్మ అదే. ఒక్కడంటే ఒక్కడు దిగినందుకు ఇంకొకడికి సారీ చెప్పడం నేను చూడలేదు. మరి ఆ సిగ్గు మనకెక్కణ్ణుంచి వచ్చింది? రేసుల నుంచీ, రికార్డుల నుంచీ, ఫోన్‌లో ప్రతి కొండకీ ఎవరు ఎన్ని నిమిషాల్లో ఎక్కారో పేర్లు వరసగా చూపించే యాప్‌ల నుంచీ వచ్చింది.

ఆ కనుమలో నడుస్తున్నప్పుడు మావాడు మాట్లాడటం మొదలెట్టాడు. పొద్దుటి నుంచీ మూడు ముక్కలు తప్ప మాట్లాడని మనిషి. వాళ్ళ నాన్న గురించి, మిరప తోట గురించి, ఇక్కడ ఉండాలా వెళ్ళిపోవాలా అన్నదాని గురించి. అన్నీ ఇక్కడ రాయను, అవి వాడివి. కానీ ఒకటి చెప్తా, నాలుగేళ్ళలో మేం ఎన్నోసార్లు కలిశాం, ఒకరింటికొకరు వెళ్ళాం, బిర్యానీలు వండుకున్నాం, అప్పుడెప్పుడూ ఆ మాటలు బయటికి రాలేదు. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పలేని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి, ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది కదా, మొహం చూడక్కర్లేదు. నేను పోయినేడు ఇదే కనుమ ఒక్కణ్ణే, కాలు కింద పెట్టకుండా ఎక్కాను. ఆ సంతోషం అబద్ధం కాదు, పైకి చేరాక అరిచాను కూడా. కానీ ఆ ఎక్కడంలో నాకేం గుర్తుందని ఇప్పుడు అడిగితే ముందుచక్రం, దాని కింద తారు, హ్యాండిల్ మీద మిషన్‌లో అంకెలు, అంతే. రాతిగోడలు నల్లగా ఉంటాయని, వాటి మీద నీళ్ళు సన్నటి దారాల్లా జారుతుంటాయని ఈసారే చూశాను.

శ్రీశైలం ఘాటు, అరకు ఘాటు సైకిళ్ళ మీద ఎక్కే మనవాళ్ళలో కొందరు అంటారు, దిగితే ఎక్కినట్టు లెక్కకాదని. ఎవరి లెక్కలో? పొడుగు రైడ్లకి ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క బ్రెవేలది, అంటే ఇంత దూరం ఇంత టైములో పూర్తి చేయాలనే, రేసు కాని రైడ్లది, అందులో 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై, 600కి నలభై. మధ్యలో పెట్టిన చోట్ల టైముకి కనబడాలి, సొంత ఒంటిబలంతో రావాలి, అంతే, ఎక్కడ దిగావు ఎక్కడ నడిచావు అని ఎవరూ అడగరు. రేసులే కావాలంటే రేసుల సంగతే చెప్తా. టూర్ ద ఫ్రాన్స్ 1910లో మొదటిసారి పిరనీస్ పెద్ద కొండల్లోకి వెళ్ళింది, టూర్మలే కొండ మీద ఆక్టావ్ లపీజ్ సైకిలు తోసుకుంటూ నడుస్తున్న ఫోటో ఇప్పటికీ ఉంది. ఆ ఏడాది టూర్ గెలిచింది ఆయనే. గేర్లు మార్చే మిషన్‌ని ఆ రేసులో 1937 దాకా ఒప్పుకోలేదు, దానికి ముందు కొండల మీద దిగి నడవడం పెద్ద పెద్ద చాంపియన్లు చేసిన పనే.

ఇంకొకటి ఉంది. ఈ కనుమరోడ్డు ఒక బండి పట్టేంతే, వంద రెండొందల మీటర్లకోసారి కొంచెం వెడల్పు చేసి పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెడతారు. 2015లో నార్త్ కోస్ట్ 500 అని ఉత్తరతీరం చుట్టూ 516 మైళ్ళ టూరిస్టు దారికి పేరు పెట్టాక ఇక్కడ క్యాంపర్‌వ్యాన్లు బాగా పెరిగాయి. వెనక వ్యాను ఇంజిన్ గుర్రుమంటుంటే నిటారు మీద ఆగకుండా తొక్కేవాణ్ణి చూశాను, నేనే అలా తొక్కాను, కాలు కింద పెట్టకూడదన్న పంతంతో వెనక ఆరేడు బళ్ళని ఆపేసి. అది తప్పు. పాసింగ్ ప్లేస్ ఎదురొచ్చేవాళ్ళకే కాదు, వెనకనుంచి వచ్చేవాళ్ళకి కూడా. ఈసారి నడుస్తూ, ప్రతి పాసింగ్ ప్లేస్‌లో ఆగి దారిచ్చాం, ఒక ముసలావిడ వ్యాను అద్దం దించి చేయి ఊపి వెళ్ళింది. ఆ ఊళ్ళవాళ్ళకి అది రోజూ పనికెళ్ళే రోడ్డు.

పైకి చేరేసరికి పన్నెండు కావస్తోంది. గాలి చల్లగా కోస్తోంది, కిందకంటే నాలుగు డిగ్రీలైనా తక్కువ. మబ్బు కాసేపు తొలిగి రాసే అనే దీవి, దాని వెనక స్కై దీవి కొండలు నీలంగా కనబడ్డాయి. మావాడు సారీ చెప్పలేదు, నేను పర్లేదనలేదు. జాకెట్లు తొడుక్కుని, బ్రేకులు చూసుకుని దిగాం. కిందున్న యాపిల్‌క్రాస్‌కి గేలిక్‌లో శరణాలయం అని అర్థం వచ్చే పేరు, 673లో మెయిల్‌రూబా అనే ఐరిష్ సన్యాసి అక్కడ మఠం కట్టాడు, దాని హద్దు లోపలికి వచ్చినవాడి మీద ఎవరూ చేయి వేయకూడదు. సముద్రం ఒడ్డున గడ్డి మీద కూర్చుని పులిహోర తిన్నాం. చల్లారిన పులిహోర అంత రుచిగా ఉండటం నా జీవితంలో అదే మొదటిసారి.

తర్వాత తీరం రోడ్డు, మ్యాపులో చదునుగా కనబడుతుంది కానీ ప్రతి రెండు కిలోమీటర్లకీ ఒక గుండెలదిరే ఎత్తు, అలాంటివి షీల్డేగ్ దాకా వస్తూనే ఉంటాయి. వాటిలో మూడు చోట్ల దిగాం, ఎవడు ముందు దిగాడో నాకు గుర్తులేదు. టోరిడన్ నుంచి కిన్‌లాఖ్యూ దాకా మాత్రం పొద్దుటి గాలే ఇప్పుడు వీపుకి తగిలింది, రోడ్డు మీద మేం తప్ప ఎవరూ లేరు, పక్కపక్కనే తొక్కాం. ఎడమవైపు లియహఖ్ కొండ 1055 మీటర్లు, రోడ్డు పక్కనుంచే గోడలా లేస్తుంది, ఎర్రరాయి పొరలు పొరలుగా, దాదాపు 100 కోట్ల ఏళ్ళ కిందటి ఇసుకరాయి. దాని పక్కన బెన్ ఏ కొండకి పైన తెల్లటి క్వార్ట్‌జైట్ రాయి, ఎండ పడితే మంచు పడ్డట్టే ఉంటుంది. ఏడుంబావుకి టెంట్ దగ్గరికి చేరాం. గాలి ఆగిపోయింది, గాలి ఆగితే మిడ్జెస్ వస్తాయి, నువ్వుగింజంత కూడా ఉండని ఈగలు, వేలకి వేలు, చెవుల్లోకీ కళ్ళల్లోకీ. నిలబడి అన్నం తినడం కుదరక టెంట్లోకి దూరి జిప్పు వేసుకున్నాం. మిగిలిన ఒక్క పల్లీపట్టీని రెండు ముక్కలు చేసి పెద్దముక్క నాకిచ్చాడు, నేను వేరుశనగ చెక్క అన్నా, మళ్ళీ గొడవ.

మొన్న మావాడు ఫోన్ చేశాడు. కొత్త బూట్లు కొన్నాడట, క్లీటు లోపలికుండే రకం. ఆగస్టులో లెఖ్ట్ వెళ్దాం మామా అన్నాడు, కాక్‌బ్రిడ్జ్ వైపు నుంచే.